కాలేజీ క్వార్టర్‌బ్యాక్ పాసింగ్ అంకెలు అతని అసలు సత్తాను చెబుతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఎంఎస్ చేయడానికి ఆస్టిన్‌కో, కొలంబస్‌కో వచ్చి, స్టూడెంట్ టికెట్ పుణ్యమా అని అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టించుకున్న తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. రూల్స్ వంటబట్టాక అందరూ వచ్చి పడేది ఒకే వాదనలో. తమ యూనివర్సిటీకి కొత్తగా ఒక కుర్రాడు క్వార్టర్‌బ్యాక్‌గా, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపేవాడిగా, వచ్చాడు. అతని అంకెలు అదిరిపోయాయని ఒకరంటారు, అదంతా కోచ్ గొప్పతనమని ఇంకొకరంటారు. ఆ వాదనలో తరచుగా వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులున్నాయి.

పాసింగ్ స్టాట్స్ అంటే ఏమేం లెక్కలోకి వస్తాయి?

ఎన్నిసార్లు బంతి విసిరాడు, అందులో ఎన్ని సొంత జట్టు రిసీవర్ (బంతి పట్టేవాడు) చేతికి చేరాయి, మొత్తం ఎన్ని గజాలు వచ్చాయి, ఎన్ని టచ్‌డౌన్లు (ప్రత్యర్థి గీత దాటి పాయింట్లు తెచ్చినవి), ఎన్ని ఇంటర్‌సెప్షన్లు. అంటే ప్రత్యర్థి పట్టేసుకున్నవి. ఈ ఐదింటి నుంచే కంప్లీషన్ శాతం, ఒక్కో త్రోకు సగటు గజాలు, పాసర్ రేటింగ్ పుట్టుకొస్తాయి. టీవీ తెర కింద కనిపించేవి దాదాపు ఇవే.

సూటిగా చెప్పండి. వీటిని నమ్మొచ్చా?

నమ్మొచ్చు, కానీ అవి ఎవరి అంకెలో తెలుసుకుని నమ్మాలి. పేరు క్వార్టర్‌బ్యాక్‌ది ఉంటుంది. లోపల ఉండేది మాత్రం మొత్తం ఆఫెన్స్ (దాడి చేసే పదకొండు మంది) పనితీరు. అందులో ఆ కుర్రాడి వాటా ఎంతో బాక్స్ స్కోర్ (మ్యాచ్ అంకెల పట్టిక) చెప్పదు.

దీనికి ఓక్లహోమా యూనివర్సిటీని మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. లింకన్ రైలీ హెడ్ కోచ్‌గా ఉండగా అక్కడ వరసగా మూడేళ్లు ముగ్గురు వేర్వేరు క్వార్టర్‌బ్యాక్‌లు ఆడారు. 2017లో బేకర్ మేఫీల్డ్ కంప్లీషన్ శాతం 70.5, రేటింగ్ 198.9. 2018లో కైలర్ మర్రే 69.0 శాతం, 199.2. 2019లో అలబామా నుంచి వచ్చిన జేలెన్ హర్ట్స్ 69.7 శాతం, 191.2. ముగ్గురి ఆటకూ పోలికే లేదు. ఒకడు పాకెట్‌లో (సొంతవాళ్లు చుట్టూ కాచే చోట) నిలబడి తెగించి విసిరేవాడు, ఒకడు పొట్టిగా ఉండి మెరుపులా పరిగెత్తేవాడు, ఇంకొకడు గుద్దుకుంటూ దూసుకుపోయేవాడు. అంకెలు మాత్రం అన్నదమ్ముల్లా ఉన్నాయి.

అదే హర్ట్స్ అలబామాలో 2017లో 60.4 శాతం మాత్రమే పూర్తి చేశాడు. 2018 జనవరి 8న జార్జియాతో జాతీయ ఫైనల్‌లో హాఫ్‌టైమ్‌కు 8 త్రోల్లో 3 పూర్తి చేసి 21 గజాలే సాధించాడు. రెండో సగంలో అతన్ని కూర్చోబెట్టి టువా టాగొవైలోవాను దించారు. అలబామా 26-23తో గెలిచింది. రెండేళ్ల తర్వాత చూస్తే అదే చేయి తొమ్మిది శాతం ఎక్కువ పూర్తి చేస్తోంది. అతను మెరుగుపడ్డాడు, అందులో అనుమానం లేదు. కానీ ఆ తొమ్మిదీ అతనివేనని అనడానికి మేఫీల్డ్, మర్రేల అంకెలు అడ్డుపడతాయి.

ఇంకో తమాషా ఉంది. మేఫీల్డ్, మర్రే ఇద్దరూ ఎన్‌ఎఫ్‌ఎల్ (ప్రొఫెషనల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను ఎంచుకునే చోట, మొదటి ఎంపికలు. హర్ట్స్ 53వ వాడు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియాను సూపర్ బౌల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ ఫైనల్) గెలిపించి, ఆ మ్యాచ్‌లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయింది ఆ 53వ వాడే.

కాలేజీ పాసర్ రేటింగ్‌ను ఎలా లెక్కిస్తారు? ఎన్‌ఎఫ్‌ఎల్ రేటింగ్‌తో పోల్చొచ్చా?

పోల్చకూడదు, రెండు సూత్రాలూ వేరు. కాలేజీది తేలిక. గజాలను 8.4తో, టచ్‌డౌన్లను 330తో, కంప్లీషన్లను 100తో హెచ్చించి కూడాలి. ఇంటర్‌సెప్షన్లను 200తో హెచ్చించి అందులోంచి తీసేయాలి. వచ్చినదాన్ని మొత్తం త్రోలతో భాగించాలి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో గరిష్ఠం 158.3. కాలేజీలో అలాంటి మూత లేదు కాబట్టి 200 దాటినవాళ్లూ ఉన్నారు.

సూత్రంలో ఒక టచ్‌డౌన్‌కు ఎంత బరువు ఉందో చూడండి. ప్రత్యర్థి గీతకు గజం దూరంలో ఉన్నప్పుడు కోచ్ పరుగు ప్లే పిలిస్తే క్వార్టర్‌బ్యాక్‌కు సున్నా. చిన్న పాస్ పిలిస్తే 330 పాయింట్లు. ఆ నిర్ణయం కుర్రాడిది కాదు, కోచ్‌ది.

కంప్లీషన్ శాతం ఎక్కువుంటే గురి బాగున్నట్టే కదా?

అందరూ పడే గోతి ఇదే. స్క్రీన్ పాస్ అంటే పక్కనే, లేదా గీత వెనకాలే ఉన్న మనిషికి బంతి అందించడం. పదిలో తొమ్మిదిసార్లు అది పూర్తవుతుంది. ఇరవై ఐదు గజాల అవతల, ఇద్దరు డిఫెండర్ల మధ్యకు విసిరింది అందులో సగంసార్లు కూడా పూర్తి కాకపోవచ్చు. శాతం లెక్కలో రెండూ సమానమే. కొన్ని జట్లలో రిసీవర్ క్వార్టర్‌బ్యాక్ ముందునుంచి పరిగెడుతూ వెళ్తుంటే బంతిని అలా ముందుకు తోసేస్తారు. అదీ పాసే, అదీ కంప్లీషనే. ఆ తర్వాత ఆ రిసీవర్ నలుగురిని తప్పించుకుని 60 గజాలు పరిగెత్తితే ఆ 60 గజాలూ క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోనే పడతాయి.

తేడా రెండోవైపు కూడా ఉంటుంది. రిసీవర్ చేతుల్లోంచి జారిపోయిన బంతి, గడియారం ఆపడానికి నేలకు కొట్టిన బంతి, దెబ్బ తినకుండా తెలివిగా బయటకు విసిరేసిన బంతి అన్నీ ఫెయిలైన త్రోలే. ప్రత్యర్థి ఫౌల్ చేసినందుకు పాస్ ఇంటర్‌ఫియరెన్స్ కింద 15 గజాలు వస్తే మాత్రం ఆ అందమైన లోతు త్రో అతని లెక్కలో ఎక్కడా ఉండదు.

2020లో అలబామా తరఫున మ్యాక్ జోన్స్ 77.4 శాతం పూర్తి చేశాడు. 41 టచ్‌డౌన్లు, 4 ఇంటర్‌సెప్షన్లు, రేటింగ్ 203.1. అతను విసిరిన బంతిని పట్టినవాళ్లలో ఆ ఏడాది హైస్మన్ ట్రోఫీ (కాలేజీ అత్యుత్తమ ఆటగాడికిచ్చేది) గెలిచిన డెవాంటా స్మిత్ ఉన్నాడు. వెనక, బంతితో పరిగెత్తడానికి నజీ హ్యారిస్ ఉన్నాడు. జోన్స్‌కు చక్కటి గురి ఉంది, అది నిజం. కానీ 77లో ఎంత గురి, ఎంత స్మిత్ అని ఆ ఏడాది ఎవరూ విడదీయలేకపోయారు. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు న్యూ ఇంగ్లండ్ అతన్ని 15వ ఎంపికగా తీసుకుంది. తర్వాతి కథ అందరికీ తెలుసు, మూడేళ్లకే ఆ జట్టు అతన్ని వదులుకుంది.

ఇంటర్‌సెప్షన్లు తక్కువంటే తెలివైనవాడనుకోవచ్చా?

ఒక్క సీజన్ చూసి అనుకోవద్దు. కాలేజీ సీజన్‌లో ఇంటర్‌సెప్షన్లు ఐదో, పదో ఉంటాయి. అంత చిన్న సంఖ్యలో రెండు మూడు అదృష్టం కొద్దీ అటూ ఇటూ అయినా మనిషి కథే మారిపోతుంది. రిసీవర్ చేతికి తగిలి ఎగిరిన బంతిని డిఫెండర్ పట్టుకుంటే అది క్వార్టర్‌బ్యాక్ తప్పే. నేరుగా డిఫెండర్ గుండెల మీదికి విసిరినా వాడు జారవిడిస్తే మామూలు ఇన్‌కంప్లీట్, అంతే. మ్యాచ్ చివరి క్షణంలో ఎలాగూ పోయిందని అంత దూరం విసిరిన బంతి కూడా ఇందులో చేరుతుంది. అందుకే వీడియో చూసేవాళ్లు పట్టుకున్నవాటిని కాకుండా పట్టుకోవలసినవాటిని లెక్కపెడతారు.

శాక్‌ల సంగతేంటి? అవి లైన్ తప్పు కాదా?

శాక్ అంటే బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం, లైన్ అంటే అతన్ని కాచే ముందువరస. తప్పు కొంత లైన్‌దే. కానీ చాలామంది అనుకునేంత కాదు. బంతి పట్టుకుని ఎంతసేపు నిలబడాలో నిర్ణయించేది క్వార్టర్‌బ్యాకే. ఒత్తిడి వచ్చిన ప్రతిసారీ అది శాక్‌గా మారుతోందా, బంతి వదిలేస్తున్నాడా అన్న నిష్పత్తి ఒక్కో మనిషికి ఒక్కో రకంగా ఉంటుంది. జట్టు మారినా ఆ అలవాటు చాలావరకు వెంట వస్తుంది. నన్నడిగితే కంప్లీషన్ శాతం కన్నా ముందు దీన్నే చూస్తాను.

పైగా కాలేజీ లెక్కల్లో ఒక వింత ఉంది. శాక్‌లో పోయిన గజాలను పాసింగ్‌లోంచి కాక, క్వార్టర్‌బ్యాక్ రన్నింగ్ లెక్కలోంచి తీసేస్తారు. అంటే బంతి పట్టుకుని నిలబడి మ్యాచ్‌కు నాలుగుసార్లు కింద పడే కుర్రాడి పాసింగ్ అంకెలకు మచ్చే పడదు. నిజంగా 50 గజాలు పరిగెత్తినవాడు మాత్రం శాక్‌ల వల్ల 15 గజాలవాడిగా కనిపిస్తాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఇలా కాదు, అక్కడ జట్టు పాసింగ్ గజాల్లోంచి తీస్తారు.

సిస్టమ్ క్వార్టర్‌బ్యాక్ అని తిడుతుంటారు. అంటే?

అంకెలు మనిషివి కావు, కోచ్ పద్ధతివి అని ఎద్దేవా చేయడం. టెక్సాస్ టెక్‌లో మైక్ లీచ్ నడిపిన ఎయిర్ రెయిడ్ చూస్తే అర్థమవుతుంది. మైదానమంతా రిసీవర్లను పరిచి, దాదాపు ప్రతి ప్లేకు పాస్ వేసే పద్ధతి. 2002లో క్లిఫ్ కింగ్స్‌బరీ 5,017 గజాలు విసిరాడు. 2003లో బి.జె. సిమన్స్ వచ్చి 5,833 కొట్టి రికార్డు సృష్టించాడు. 2004లో సోనీ కంబీ 4,742, 2005లో కోడీ హాడ్జెస్ 4,238. ఏటా కొత్త మనిషే, ఏటా కొండంత అంకెలే. సిమన్స్ ఏడో రౌండ్‌లో ఎంపికయ్యాడు. నలుగురిలో ఎవరూ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేదు. హ్యూస్టన్‌లో కేస్ కీనమ్ కెరీర్ మొత్తంలో 19,217 గజాలు విసిరి కాలేజీ రికార్డు పెట్టినా 2012 డ్రాఫ్ట్‌లో అతన్ని ఎవరూ తీసుకోలేదు. అయినా అతను తర్వాత చాలా ఏళ్లు లీగ్‌లో ఆడాడనుకోండి.

అయితే అలాంటి పద్ధతిలో ఆడినవాళ్లంతా డొల్లేనా?

కాదు, ఇక్కడే విమర్శకులూ బోల్తాపడ్డారు. అదే టెక్సాస్ టెక్‌లో, అదే వంశానికి చెందిన ఆఫెన్స్‌లో, పైన చెప్పిన కింగ్స్‌బరీయే కోచ్‌గా ఉండగా 2016లో ఒక కుర్రాడు 5,052 గజాలు, 41 టచ్‌డౌన్లు విసిరాడు. ఆ అక్టోబర్‌లో ఓక్లహోమాతో మ్యాచ్‌లో 88 సార్లు విసిరి 734 గజాలు సాధించినా అతని జట్టు 66-59తో ఓడింది. ఆ సీజన్‌ను 5 గెలుపులు, 7 ఓటములతో ముగించింది. "ఇవన్నీ టెక్ అంకెలు, మాకు తెలుసులే" అన్న ధోరణి అప్పట్లో బాగానే ఉండేది. ఆ కుర్రాడు ప్యాట్రిక్ మహోమ్స్. 2017లో పదో ఎంపికగా వెళ్లి, 2018లో 50 టచ్‌డౌన్లతో ఎన్‌ఎఫ్‌ఎల్ ఎంవీపీ అయ్యాడు.

పద్ధతి వల్ల అంకెలు ఉబ్బుతాయి, నిజమే. ఉబ్బిన అంకె వెనక మంచి ఆటగాడు లేడని మాత్రం దానివల్ల రుజువు కాదు. ఉన్నాడో లేడో ఆ అంకె చెప్పలేదు, అంతవరకే.

ఒక్క ఏడాదిలో కుర్రాడు అంత మారిపోతాడా?

జో బరో 2018లో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్)లో 57.8 శాతం, 16 టచ్‌డౌన్లు, రేటింగ్ 133.2. 2019లో 76.3 శాతం, 5,671 గజాలు, 60 టచ్‌డౌన్లు, రేటింగ్ 202.0. జట్టు 15-0తో జాతీయ చాంపియన్. మధ్యలో ఏం జరిగింది? న్యూ ఓర్లీన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ అనే కుర్ర కోచ్ వచ్చి పాసింగ్ ఆటను మార్చేశాడు. జమార్ చేజ్ 20 టచ్‌డౌన్లు, జస్టిన్ జెఫర్సన్ 18 పట్టారు. దేశంలో అత్యుత్తమ ఆఫెన్సివ్ లైన్‌కిచ్చే జో మూర్ అవార్డు కూడా ఆ ఏడాది వాళ్లకే వచ్చింది. బరో కూడా ఒక ఏడాది ముదిరాడు.

ఎన్‌ఎఫ్‌ఎల్‌కు వెళ్లాక బరో నిజంగానే గొప్పవాడని తేలింది. అందుకే ఇక్కడ తప్పు చెప్పిన అంకె 2019ది కాదు, 2018ది. తర్వాత అతన్ని డ్రాఫ్ట్‌లో తీసుకున్న సిన్సినాటి గాని, ఇంకెవరు గాని ఆ 57.8 చూసి అతన్ని పక్కన పెట్టి ఉంటే?

బో నిక్స్‌ది కూడా ఇలాంటిదే. ఆబర్న్‌లో మూడేళ్లు 57 నుంచి 61 శాతం మధ్య తిరిగాడు. ఓరెగన్‌కు మారాక 2023లో 77 దాటి, మ్యాక్ జోన్స్ రికార్డును వెంట్రుకవాసిలో దాటేశాడు. 2024 డ్రాఫ్ట్‌లో 12వ ఎంపిక. ఆబర్న్ నిక్స్ నిజమా, ఓరెగన్ నిక్స్ నిజమా అంటే, మొదటి ఏడాది పంతొమ్మిదేళ్ల పిల్లాడిగా ఎస్‌ఈసీ (ఆబర్న్ ఆడే గట్టి లీగ్) డిఫెన్స్‌ల మీదికి తోసిన నిక్స్ అంకెల కన్నా తర్వాతివే నిజానికి దగ్గరగా ఉన్నాయనిపిస్తోంది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు కాలేజీ మారే ఏర్పాటు) వల్ల మనకొక మేలు జరిగింది. ఒకే మనిషిని రెండు చోట్ల చూసే అవకాశం ఇదివరకు ఇంత ఉండేది కాదు.

మావాడి స్టాట్స్ బాగాలేవు. కానీ జాష్ అలెన్ కూడా అంతే కదా?

ఈ మాట ఎంతమంది వాడుకున్నారో లెక్కలేదు. వయోమింగ్‌లో అలెన్ 2016లో 56.0 శాతం, 2017లో 56.3. బఫలో 2018లో ఏడో ఎంపికగా తీసుకుంటే లెక్కలవాళ్లు నెత్తీ నోరూ కొట్టుకున్నారు. మొదటి ఏడాది 52.8 శాతంతో వాళ్ల మాటే నిజమనిపించింది. తర్వాత 58.8. రిసీవర్ స్టెఫాన్ డిగ్స్ జట్టులోకి వచ్చిన 2020లో 69.2. 2024 సీజన్‌కు ఎంవీపీ.

మరి ఆంథొనీ రిచర్డ్‌సన్? ఫ్లోరిడాలో 2022లో 53.8 శాతం. అలెన్ లాంటి ఒడ్డూ పొడుగూ, అలాంటి చేతి బలం. "ఇతను ఇంకో అలెన్" అంటూ ఇండియానాపొలిస్ 2023లో నాలుగో ఎంపికగా తీసుకుంది. 2024లో అతను సగం త్రోలు కూడా పూర్తి చేయలేకపోయాడు, 47.7 శాతం. 2025 సీజన్ మొదలయ్యేసరికి మొదటి స్థానం డేనియల్ జోన్స్‌కు వెళ్లిపోయింది.

అలెన్ ఒక మినహాయింపు. తక్కువ శాతంతో వచ్చి మునిగిపోయినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు, అందుకే అతని పేరు ఒక్కటే అందరి నోటా వినిపిస్తుంది. ఎక్కువ శాతం గొప్పతనానికి హామీ కాదు. కానీ కాలేజీలో మరీ తక్కువ శాతం ఉంటే దానికి గట్టి కారణం వెతికి చూపించాల్సిన బాధ్యత మీదే.

ప్రత్యర్థులు బలహీనమైతే ఎంత తేడా వస్తుంది?

క్రికెట్‌లో చప్పటి పిచ్ మీద, మూడో రకం బౌలింగ్ మీద కొట్టిన సెంచరీలను మనం ఎలా చూస్తామో అలాగే చూడాలి. కాలేజీ ఫుట్‌బాల్‌లో జట్ల మధ్య అంతరం ఎన్‌ఎఫ్‌ఎల్‌కన్నా చాలా ఎక్కువ. సెప్టెంబర్‌లో పెద్ద జట్లు డబ్బిచ్చి మరీ చిన్న జట్లను పిలిపించుకుని చితక్కొడతాయి. అక్కడ వచ్చిన నాలుగు టచ్‌డౌన్లు నవంబర్‌లో కూడా సీజన్ లెక్కలో కూర్చునే ఉంటాయి.

బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ)కు చెందిన జాక్ విల్సన్ 2019లో 11 టచ్‌డౌన్లు, 9 ఇంటర్‌సెప్షన్లు. 2020లో 33 టచ్‌డౌన్లు, 3 ఇంటర్‌సెప్షన్లు, 73.5 శాతం. ఆ ఏడాది కోవిడ్ వల్ల యూటా, స్టాన్‌ఫర్డ్ లాంటి జట్లతో ఆటలు రద్దయి, వాటి స్థానంలో దొరికిన జట్లతో ఆడారు. న్యూయార్క్ జెట్స్ 2021లో రెండో ఎంపికగా తీసుకుంది, మూడు సీజన్ల తర్వాత పంపించేసింది. ప్రత్యర్థులే కారణమని నేను అనను. జెట్స్‌లో ఎవరినైనా పాడుచేసే పరిస్థితులు ఉండేవి. కానీ 33-3 అన్న అంకెను చదివేటప్పుడు ఎదురుగా ఎవరున్నారో కూడా చదవాల్సింది.

ఎన్ని మ్యాచ్‌లు చూశాక ఒక అభిప్రాయానికి రావొచ్చు?

చిన్న లెక్క వేద్దాం. ఒక కుర్రాడి అసలు సత్తా 62 శాతం అనుకోండి. ఒక మ్యాచ్‌లో 30 త్రోలు వేస్తే, కేవలం యాదృచ్ఛికంగానే మూడింట రెండుసార్లు 53 నుంచి 71 మధ్య ఎక్కడో పడతాడు. మిగతా మూడో వంతు దానికి బయటే. అంటే ఒక శనివారం 52, మరుసటి శనివారం 72 వచ్చినా వాడిలో ఏమీ మారి ఉండకపోవచ్చు. సీజన్ మొత్తం 400 త్రోలు వేస్తే ఆ ఊగిసలాట 60-64కు తగ్గుతుంది. ఇది త్రోలన్నీ ఒకేలాంటివన్న షరతు మీద. నిజంలో మ్యాచ్ మ్యాచ్‌కూ ప్రత్యర్థి, త్రోల రకం మారతాయి కాబట్టి ఊగిసలాట ఇంకాస్త ఎక్కువే.

మూడు మ్యాచ్‌లకే కుర్రాణ్ణి ఆకాశానికెత్తడం, నాలుగోదానికి బెంచ్ మీద కూర్చోబెట్టమనడం ఇందుకే హాస్యాస్పదం.

జట్టు గెలుపోటములు చూడొచ్చా?

చూడొచ్చు, మొదట డిఫెన్స్ ఎన్ని పాయింట్లు ఇచ్చిందో చూశాక. మహోమ్స్ 5-7 గుర్తుంది కదా.

మరి ఏం చూడాలి?

నేనైతే ఈ వరసలో చూస్తాను. మొదట, స్క్రీన్ పాస్‌లు తీసేస్తే ఏం మిగిలింది. పది, ఇరవై గజాల మధ్య, మైదానం నడిమధ్యకు విసిరే త్రోలు అసలు పరీక్ష, ఎందుకంటే అక్కడే లైన్‌బ్యాకర్లను (నడిమధ్య కాచే డిఫెండర్లను) చదవాలి. తర్వాత, థర్డ్ డౌన్‌లో (నాలుగు ప్రయత్నాల్లో మూడోదానిలో) ఎనిమిది, పది గజాలు కావాల్సినప్పుడు ఎలా ఆడాడు. అందరికీ పాస్ వస్తుందని తెలుసు, మోసం చేయడానికేమీ లేదు. ఆపై ఒత్తిడి, శాక్ అలవాటు. ఆ తర్వాత, సొంత జట్టుకు సమానమైన లేదా మెరుగైన డిఫెన్స్‌లతో ఆడిన మ్యాచ్‌లను విడిగా కలిపి చూడాలి. మొదటి సగంలో, స్కోరు దగ్గరగా ఉన్నప్పుడు ఆడినవాటికి ఎక్కువ విలువ. 35-7తో ముందున్నప్పుడు విసిరిన గజాలు వదిలేసినా నష్టం లేదు.

ఒక్క అంకెతోనే సరిపెట్టుకోవాలంటే రేటింగ్ బదులు సవరించిన సగటు గజాలు తీసుకోండి. గజాలకు ప్రతి టచ్‌డౌన్‌కు 20 కలిపి, ప్రతి ఇంటర్‌సెప్షన్‌కు 45 తీసి, త్రోలతో భాగిస్తే చాలు. ఇది కూడా ఆఫెన్స్ అంకే, కానీ కంప్లీషన్‌కు విడిగా మార్కులు వేయదు. ఈఎస్‌పీఎన్ ఇచ్చే క్యూబీఆర్ అనే రేటింగ్‌లో ప్రత్యర్థి బలం, శాక్‌లు, పరుగులు కూడా చేరతాయి కాబట్టి కాలేజీ ఆటకు అది కాస్త నయం.

చివరిగా మ్యాచ్ వీడియో చూడాలి. హైలైట్స్ కాదు, మొత్తం మ్యాచ్. మొదటి రిసీవర్ మూసుకుపోయినప్పుడు కుర్రాడి తల రెండోవాడి వైపు తిరుగుతోందా, లేక కాళ్లు పరుగందుకుంటున్నాయా? ఇది ఏ బాక్స్ స్కోర్‌లోనూ దొరకదు.

కాలేజీలో బాగా ఆడినా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తేలిపోవడానికి మైదానమే కారణం అవుతుందా?

కొంతవరకు. కాలేజీ మైదానంలో హాష్ మార్కుల (ప్లే మొదలుపెట్టే చోటుకు అటూ ఇటూ హద్దులు) మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 18 అడుగుల 6 అంగుళాలే. దానివల్ల కాలేజీలో ఒకవైపు విశాలమైన ఖాళీ ఏర్పడుతుంది, రిసీవర్లు తేలిగ్గా దొరుకుతారు. పాస్ వేసేలోపు లైన్‌మన్ మూడు గజాలు ముందుకు వెళ్లొచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క గజమే. అందుకే పరుగా, పాసా అని చివరి క్షణంలో తేల్చే ప్లేలు కాలేజీలో అంత బాగా పనిచేస్తాయి. రిసీవర్ బంతి పట్టాక ఒక్క కాలు లోపల పడితే చాలు, అక్కడ రెండు పడాలి. ఇవన్నీ కలిసి కాలేజీ శాతాలను పైకి నెడతాయి.

ఈ లెక్కలన్నీ ఎక్కడ దొరుకుతాయి?

సీజన్, మ్యాచ్‌వారీ మామూలు అంకెలు, సవరించిన సగటు గజాలతో సహా, స్పోర్ట్స్ రిఫరెన్స్ కాలేజీ ఫుట్‌బాల్ పేజీల్లో ఉచితం. క్యూబీఆర్ ఈఎస్‌పీఎన్‌లో ఉంటుంది. ఒత్తిడి, త్రో దూరం, జారవిడిచిన బంతుల లెక్కలు కావాలంటే ప్రో ఫుట్‌బాల్ ఫోకస్‌కు చందా కట్టాలి. డబ్బులు పెట్టడం ఇష్టం లేకపోతే ఒక మ్యాచ్ రికార్డు చేసుకుని, కాగితం మీద స్క్రీన్ పాస్‌లకు ఒక గీత, మిగతావాటికి ఇంకో గీత పెట్టుకుంటూ వెళ్లండి. రెండు మ్యాచ్‌లకే మీ కుర్రాడి 70 శాతం దేనితో తయారైందో తెలిసిపోతుంది.